టరాంటులా పట్టు: దగ్గర నుంచి చూసిన ప్రాజెక్టు డైరీ

ఏం చూడాలనుకున్నాను

సాలీడు పట్టు అనగానే చాలామందికి గాల్లో వేలాడే గుండ్రటి గూడే గుర్తొస్తుంది. టరాంటులా అనే పెద్ద, వెంట్రుకల సాలీడు ఆ గూడు కట్టదు. వల పరిచి ఈగలు తగులుకోవాలని ఎదురుచూసే రకం కాదిది. నేల మీదో, బొరియలోనో, చెట్టు తొర్రలోనో కూర్చుని, దగ్గరికొచ్చిన పురుగు మీదికి నేరుగా దూకుతుంది. అయినా గుడ్ల సంచిలోంచి బయటపడిన దగ్గర్నుంచి చచ్చేదాకా పట్టు తీస్తూనే ఉంటుంది. వల కట్టని సాలీడుకు ఇంత పట్టు దేనికి? అది ఒంట్లోంచి దారంగా ఎలా బయటికొస్తుంది? ఈ రెండు ప్రశ్నలతోనే డైరీ మొదలుపెడుతున్నాను.

ఎంచుకున్న జాతి గ్రీన్ బాటిల్ బ్లూ. శాస్త్రీయ నామం క్రొమాటోపెల్మా సయానియోప్యూబెసెన్స్. దీని సొంత చోటు వెనెజువెలా ఉత్తర తీరంలోని పరాగ్వానా ద్వీపకల్పం. అక్కడి పొడి నేలలో పొదల మొదళ్ల దగ్గర, వేళ్ల సందుల్లో పట్టుతో సొరంగాలు కడుతుంది. నీలి కాళ్లు, పచ్చటి వీపు, నారింజ రంగు పొట్ట చూసి ముచ్చటపడి దీన్ని పెంచుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు మాత్రం రంగుల కన్నా పట్టే ముఖ్యం. టరాంటులాల్లో వెయ్యికి పైగా జాతులున్నా, ఇంత ధారాళంగా పట్టు పరిచేవి కొన్నే. నా దగ్గరున్నది అడవిలోంచి పట్టి తెచ్చింది కాదు, పెంపకంలో పుట్టింది. ఇంకా ఎదిగే వయసే. మగో ఆడో తెలియదు, అది కుబుసం చూస్తే తేలుతుంది.

పెట్టె

పట్టు తెల్లగా, పల్చగా ఉంటుంది. మామూలు గాజు పెట్టెలో, లేతరంగు మట్టి మీద అది కంటికి ఆనదు. అందుకే వెనక గోడకు, నేలకు నల్లటి అక్రిలిక్ వాడాను. ముందు భాగం గాజు. గాలి ఆడటానికి రెండు పక్కలా ఎదురెదురుగా చిన్న రంధ్రాలు. అడుగున ఎండబెట్టిన కొబ్బరి పొట్టు. ఇది పొడి ప్రాంతపు జీవి కాబట్టి తడి నేల వద్దు, ఒక మూల చిన్న నీళ్ల గిన్నె చాలు.

అసలు పని లంగరు చోట్లది. పట్టు పరచాలంటే దానికి ఆధారం కావాలి. చదునైన నేల ఒక్కటే ఇస్తే పల్చటి చాప వేసి ఊరుకుంటుంది. బెరడు ముక్కలు, ఎండు కొమ్మలు రకరకాల కోణాల్లో నిలబెట్టి, వాటి మధ్య అది దూరగలిగేంత సందులు వదిలాను. ఒక బెరడు ముక్కను ముందు గాజుకు ఆనించాను. దాని వెనక సొరంగం కడితే గాజులోంచి లోపలి గోడ కనిపించాలని.

నేల మీద చిన్న చిన్న నల్ల అట్ట పలకలు పేర్చాను. పెట్టె అడుగున పక్కగా ఒక సన్నటి సందు ఉంది. పట్టకారుతో పలకను అందులోంచి మెల్లగా లాగేయొచ్చు, పై మూత తీసి సాలీడును బెదరగొట్టే పని లేదు. పలక మీద పడిన పట్టే నా నమూనా.

వెలుతురు గురించి ఒక మాట. పైనుంచి వేస్తే పట్టు కనిపించదు. ఎల్‌ఈడీని నేలకు దాదాపు సమాంతరంగా, పక్కనుంచి వేస్తే ఒక్కో పోగూ మెరుస్తుంది. రాత్రికి ఎర్ర బల్బు. ఎర్ర వెలుతురు ఈ సాలీళ్లకు అంతగా ఇబ్బంది కలిగించదు. ఫోన్‌ను స్టాండుకు బిగించి పది సెకన్లకు ఒక ఫొటో వచ్చేలా పెట్టాను, వాటిని వరసగా కలిపి టైమ్‌ల్యాప్స్ వీడియోగా చూడటానికి.

ఇంకోటి ముందే రాసిపెడతాను. ఈ జాతి బెదిరితే వెనక కాళ్లతో పొట్ట మీది దురద పుట్టించే వెంట్రుకలు రాల్చి గాల్లోకి విసురుతుంది. అవి కంట్లో పడితే ప్రమాదం. కంటి పొరలో దిగి చాలాకాలం బాధపెట్టిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. పెట్టెలో చెయ్యి పెట్టినా, కుబుసం ముట్టుకున్నా చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు ఉండాల్సిందే. ఇది మీరు చేసినా ఇంతే, మినహాయింపు లేదు.

మొదటి పోగులు

కొత్త చోట వదిలాక చాలాసేపు ఒక మూల బిగుసుకుని కూర్చుంది. చీకటి పడ్డాక కదిలింది. కదిలిన మొదటి అడుగు నుంచీ వెనక సన్నటి పట్టు పడుతూనే ఉంది. టైమ్‌ల్యాప్స్ చూస్తే ఆ తిరుగుడులో ఒక వరస కనిపిస్తుంది. మొదట పెట్టె అంతా ఒక చుట్టు చుట్టింది. తర్వాత గాజుకు ఆనించిన బెరడు దగ్గరికి మళ్లీ మళ్లీ వచ్చింది. నేల నుంచి బెరడుకు, బెరడు నుంచి కొమ్మకు కొన్ని బలమైన కట్లు వేసింది. ఆ కట్ల మధ్య ఖాళీని పొరలు పొరలుగా నింపడం మర్నాటి రాత్రి నుంచి.

ఇక్కడే ఒక తేడా స్పష్టంగా తెలిసింది. తోటల్లో కనిపించే గూడు సాలీడు ఒక్క దారం పట్టుకుని కొలిచినట్టు గీతలు గీస్తుంది. టరాంటులాది ఒక్క దారం కాదు. ఒక ఊపులో పదుల కొద్దీ సన్నటి పోగులు కలిసి పట్టీలా వస్తాయి. చూస్తుంటే నేల అలుకుతున్న చెయ్యే గుర్తొచ్చింది: ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, ప్రతిసారీ కాస్త పక్కకు జరుగుతూ.

స్పిన్నరెట్లు

మాక్రో లెన్స్ పెట్టాక ఎక్కువసేపు చూసింది ఇదే. అది గాజుకు దగ్గరగా, వెనక భాగం నా వైపు తిప్పి పనిచేస్తున్నప్పుడు దొరికిన వీడియో చాలా విలువైనది.

స్పిన్నరెట్లంటే పట్టు బయటికి తీసే అవయవాలు. పొట్ట చివర రెండు పొడవాటివి వేళ్లలా బయటికి చాచుకుని ఉంటాయి. ఒక్కోదానికి మూడు కణుపులు. వాటి మధ్యన, కాస్త కిందగా, ఇంకో రెండు పొట్టివి, ఒక్క కణుపువి. చాలా టరాంటులాలకు ఉండేవి ఈ నాలుగే. గూడు కట్టే సాలీళ్లకు సాధారణంగా ఆరు ఉంటాయి. పొడవాటివి రెండూ దేనికది విడివిడిగా కదులుతాయి. వాటిలో కండరాలున్నాయి. సాలీళ్ల పూర్వీకుల పొట్ట కింద ఉన్న కాళ్ల లాంటి అవయవాల నుంచే స్పిన్నరెట్లు వచ్చాయని జీవశాస్త్రం చెబుతుంది. వాటి కదలిక చూస్తే ఆ మాట నమ్మడానికి ఏ ఇబ్బందీ ఉండదు.

వీడియోను బాగా నెమ్మది చేసి చూశాను. పొట్ట ఎడమకు ఒరిగింది. ఎడమ స్పిన్నరెట్ చివరి కణుపు మడిచి, లోపలి వైపును బెరడుకు అదిమింది. అక్కడ పట్టు అంటుకుంది. పొట్ట పైకి లేస్తూ కుడికి జరిగింది. స్పిన్నరెట్‌కు, బెరడుకు మధ్య పోగుల పట్టీ సాగింది, వెలుతురు పడి మెరిసింది. కుడి స్పిన్నరెట్ కిందికి దిగి ఇంకోచోట అదిమింది. ఈలోపు ఎడమది వదిలేసి కొత్త చోటు వెతుకుతోంది. పొట్టివి రెండూ మధ్యలో పోగులు కలుపుతూ ఉన్నాయి. ముందు కాళ్లు మాత్రం అసలు ఈ పనిలో లేవు, అవి ఎదుటి నేలను తడుముకుంటున్నాయి. అంటే వెనక ఏం జరుగుతోందో కళ్లతో చూడకుండానే ఇంత పని. కళ్లు ఎనిమిదీ తల మీద ఒక చిన్న దిబ్బపై ఉంటాయి, వాటితో వెలుగునీడలు తెలియడం తప్ప పెద్ద ప్రయోజనం లేదు.

ఆ వీడియోలో నాకు నచ్చిన విషయం ఇంకోటుంది. పట్టు చిమ్మడం లేదు, లాగడమే. ముందు అంటించాలి, తర్వాత దూరం జరగాలి. లాగితేనే దారం.

ద్రవం దారం ఎలా అవుతుంది

పొట్ట లోపల పట్టు ఘనంగా ఉండదు. గ్రంథుల్లో స్పిడ్రోయిన్లు అనే ప్రొటీన్లు చిక్కటి ద్రవంగా నిల్వ ఉంటాయి. ఆ ద్రవం సన్నటి గొట్టం గుండా వచ్చి స్పిగాట్ అనే సూక్ష్మమైన మొన దగ్గర బయటపడేలోపు దారమైపోతుంది. ఈ మార్పు మీద ఎక్కువ పరిశోధన గూడు కట్టే సాలీళ్ల మీదే జరిగింది. అక్కడ గ్రంథిలో ద్రవం ముందుకు కదిలేకొద్దీ పీహెచ్ (ఆమ్లతను చూపే అంకె, తగ్గితే ఆమ్లత పెరిగినట్టు) సుమారు 7.6 నుంచి 5.7 దాకా పడిపోతుందని, లవణాల పాళ్లు మారతాయని కొలిచారు. ఆమ్లత పెరిగేసరికి ప్రొటీన్ల ఒక కొస జతకూడుతుంది. లాగుడు వల్ల అణువులన్నీ దారం పొడవునా వరసకు వస్తాయి. నీరు బయటికి పోతుంది. వేడి అక్కర్లేదు, ఘాటు రసాయనాలు అక్కర్లేదు. మామూలు గది వేడిలో, క్షణంలో కొంత భాగంలో ఇదంతా అయిపోతుంది.

అణువులు వరసకు వచ్చాయన్నది మాటల్లో కాకుండా కళ్లతో చూడాలనిపించింది. దానికి దారి ఉంది: రెండు పోలరైజింగ్ ఫిల్ములు, అంటే ఒకే దిశలో కంపించే వెలుతురును మాత్రమే వదిలే పల్చటి పొరలు. ఒకదాని మీద ఒకటి అడ్డంగా తిప్పి పెడితే వెలుతురు ఆగిపోయి అంతా నల్లగా అవుతుంది. వాటి మధ్య పట్టు పోగులున్న గాజు పలక పెట్టాను. నలుపు మీద పోగుల కట్టలు తెల్లగా వెలిగాయి. పలకను మెల్లగా తిప్పితే ఒక కోణంలో ఆరిపోయి, ఇంకాస్త తిప్పితే మళ్లీ వెలిగాయి. అణువులు చెల్లాచెదురుగా పడి ఉంటే ఇలా జరగదు. ఒకే దిశలో బారులు తీరి ఉండబట్టే ఆ దారం వెలుతురును అలా మలుస్తోంది. ఒంటరి పోగులు మాత్రం సరిగ్గా కనపడలేదు. ఒక్కో పోగు మందం ఒక మైక్రోమీటరుకు కాస్త అటూ ఇటూ, మన తల వెంట్రుకలో యాభయ్యో వంతుకన్నా తక్కువే. కట్టగా ఉన్నచోటే వెలుగు తెలిసింది.

ఈ పట్టు బలం గురించి కూడా అతిశయోక్తి వద్దు. ఉక్కుతో పోల్చి చెప్పే లెక్కలు గూడు సాలీడు వేలాడే దారానివి. ఆ దారం తీసే గ్రంథి టరాంటులాకు లేనే లేదు. గూడు సాలీళ్లలో ఏడు రకాల దాకా గ్రంథులుంటాయి, ఒక్కోటి ఒక్కో పనికి. టరాంటులాలో గ్రంథులు బోలెడు ఉన్నా రకాలు తక్కువ, ఒక్కో గ్రంథికి ఒక్కో స్పిగాట్. వచ్చే పట్టు బలహీనం. కానీ గాల్లో వేగంగా వచ్చే పురుగును ఆపాల్సిన పని దానికి లేనప్పుడు ఆ బలం దేనికి? నేల కప్పడానికి, గోడ నిలబెట్టడానికి, గుడ్లు చుట్టడానికి ఇది సరిపోతుంది.

పలకల లెక్క

అట్ట పలకలను వేర్వేరు కాలాల్లో బయటికి తీసి, ఒకే వెలుతురులో ఫొటోలు తీసి, ఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెలుపు శాతం చూస్తున్నాను. సొరంగం నోటి దగ్గరి పలకలు చాలా త్వరగా తెల్లబడ్డాయి. నీళ్ల గిన్నె దారిలో ఉన్నవి నిదానంగా. దూరపు మూలలో ఉన్నవాటి మీద మొదటి రాత్రి వేసిన పోగులే, ఆ తర్వాత పెద్దగా ఏమీ లేదు. ఎక్కడ ఎక్కువ తిరుగుతుందో అక్కడే పట్టు ఎక్కువ. తీసేసిన పలక చోట ఖాళీ ఏర్పడితే మాత్రం దాన్ని వెంటనే పూడ్చేస్తుంది.

చాప మీద స్పర్శ

వల కానప్పుడు పట్టు దేనికన్న ప్రశ్నకు మొదటి జవాబు ఇక్కడ దొరికింది.

అది సొరంగం నోట్లో ముందు కాళ్లు చాప మీద ఆనించి కూర్చున్నప్పుడు, చాప దూరపు అంచును ఒక సన్నటి కుంచె వెంట్రుకతో తాకాను. వెంటనే అటు తిరిగింది. అంతే దూరంలో, చాపతో కలవని ఒక పలకను అలాగే తాకాను. కదల్లేదు. మళ్లీ చాపను తాకితే మళ్లీ తిరిగింది. ఇలా చోట్లు మార్చి, రోజులు మార్చి చేసినా దాదాపు ఇదే జరిగింది. కడుపు నిండి ఉన్నప్పుడు మాత్రం చాప తాకినా లెక్క చెయ్యలేదు.

కాళ్ల మీద చీలికల్లాంటి సూక్ష్మ ఇంద్రియాలుంటాయి. పై తొడుగు ఏ కొంచెం వంగినా అవి పసిగడతాయి. సన్నటి నిలువు వెంట్రుకలు గాలి కదలికను గుర్తిస్తాయి. వదులు మట్టి చిన్న అదురును మింగేస్తుంది. బిగువుగా పరిచిన పట్టు దాన్ని మోసుకొస్తుంది. బొరియల్లో ఉండే చాలా జాతులు నోటి చుట్టూ పట్టు పోగులు దూరం దాకా పరుస్తాయి. బయట ఎవరు నడిచినా లోపల కాలికి కబురు అందుతుంది. చూపు అంతగా లేని జీవికి పట్టు చాప అంటే తన స్పర్శ ఎంత దూరం అందుతుందో అంత మేర. నా మట్టుకు ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇదే.

తిండి వేళ

చిన్న గమనిక. బొద్దింక పిల్లను పట్టాక కోరలతో పట్టుకునే గుండ్రంగా తిరుగుతూ కింద కాస్త పట్టు పరిచింది. తర్వాత ఆహారాన్ని ఆ పొర మీద పెట్టి, చుట్టి, మళ్లీ ఎత్తుకుంది. టరాంటులా ఆహారాన్ని ముక్కలుగా మింగదు, జీర్ణరసాలు పోసి కరిగించి పీల్చుకుంటుంది. ముక్కలు విడిపోకుండా, మట్టి అంటకుండా ఈ చుట్టు ఉపయోగపడుతోంది. తిన్నాక మిగిలిన పిప్పి ముద్దనూ పట్టుతో చుట్టి దూరపు మూలలో పడేసింది.

తెర, చాప, కుబుసం

కొన్నాళ్లుగా తిండి ముట్టడం లేదు. పొట్ట రంగు మందగించింది, వెంట్రుకలు రాలిన చోట చర్మం నల్లబడుతోంది. కుబుసం విడిచే ముందు ఇలాగే ఉంటుంది. ఒక ఉదయం చూస్తే సొరంగం నోరు మూసుకుపోయి ఉంది. అడ్డంగా పట్టు తెర, దాని మీద కొబ్బరి పొట్టు రేణువులు అతికించి ఉన్నాయి. బయటి నుంచి చూస్తే అక్కడ సొరంగం ఉందనే తెలియదు. కుబుసం విడిచేటప్పుడు కోరలతో సహా ఒళ్లంతా మెత్తగా ఉంటుంది, పారిపోవడం, పోట్లాడటం దాని వల్ల కాదు. అప్పుడు తెర తప్ప ఇంకో రక్షణ లేదు.

గాజు వైపు లోపలి గోడ కనిపించేలా బెరడు పెట్టడం ఇప్పుడు పనికొచ్చింది. తెర మూశాక లోపల దట్టంగా చాప వేసింది. నేల మీద మామూలుగా పరిచే పట్టుకన్నా ఇది చాలా మందం. దాని మీద వెల్లకిలా పడుకుంది. మొదటిసారి చూసేవాళ్లు చచ్చిపోయిందనుకుంటారు, దయచేసి అప్పుడు ముట్టుకోవద్దు. గంటలపాటు కదలిక లేదు. తర్వాత వీపు పెంకు అంచున పగులు వచ్చింది. కాళ్లు ఒక్కో ఊపులో కొంచెం కొంచెంగా పాత తొడుగులోంచి జారాయి. పట్టు చాప ఇక్కడ ఏం చేస్తోందో చూస్తేనే అర్థమైంది. పాత తొడుగు వెంట్రుకలు ఆ చాపలో చిక్కుకుని నిలబడితే, కొత్త శరీరం దాన్ని ఆధారం చేసుకుని బయటికి లాక్కోగలుగుతోంది. తడి చర్మానికి మట్టి రేణువు ఒక్కటీ అంటలేదు.

దక్షిణ అమెరికాలోని భారీ టరాంటులా థెరఫోసా ఈ చాపను ఇంకో మెట్టు ఎక్కించింది. దురద వెంట్రుకలను కావాలనే కుబుసం చాపలో, గుడ్ల సంచిలో కలిపి నేస్తుందని 1990లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. ఆ వెంట్రుకలు గుడ్లను తినడానికి వచ్చే ఈగ జాతి లార్వాలను అడ్డుకుంటాయి.

కుబుసం మైక్రోస్కోపు కింద

సాలీడు కోలుకునే దాకా ఆగి కుబుసం బయటికి తీశాను. ఎండితే పెళుసుగా విరిగిపోతుంది. గోరువెచ్చటి నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి నానబెడితే మళ్లీ మెత్తబడుతుంది. అప్పుడు కుంచెతో విప్పి పరచొచ్చు. కోరల తొడుగులు, ఊపిరి పొరలు, స్పిన్నరెట్లు అన్నీ అందులో ఉన్నాయి. బతికున్న జంతువును ఇబ్బంది పెట్టకుండా దాని పట్టు యంత్రాన్ని విప్పి చూసే అవకాశం ఇది.

స్నేహితుడి మైక్రోస్కోపు తెచ్చుకున్నాను. పొడవాటి స్పిన్నరెట్‌ను పై వైపు నుంచి చూస్తే మామూలు వెంట్రుకలే. తిప్పి లోపలి వైపు చూస్తే వెంట్రుకల మధ్య వేరే రకం మొనలు గుంపులుగా ఉన్నాయి. అడుగు కాస్త ఉబ్బి, ఆపై సన్నగా సాగిన గొట్టాలు. అవే స్పిగాట్లు. మూడు కణుపుల మీదా ఉన్నాయి, చివరి కణుపు మీద మరీ దట్టంగా. వీడియోలో అది చివరి కణుపును మడిచి లోపలి వైపునే బెరడుకు ఎందుకు అదుముతోందో ఇప్పుడు అర్థమైంది. పోగులు వచ్చేది అక్కడి నుంచే. పట్టీలా ఎందుకు వస్తాయో కూడా తేలిపోయింది: ఇన్ని మొనలు ఒకేసారి నేలను తాకితే ఒక్క దారం ఎలా వస్తుంది?

ఈ స్పిగాట్లు స్పిన్నరెట్ల కన్నా పాతవి కావడం నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది. అమెరికాలోని గిల్బోవాలో దొరికిన ఆటర్‌కోపస్ అనే సుమారు 38 కోట్ల ఏళ్ల నాటి శిలాజంలో పొట్ట కింద పలకల మీద స్పిగాట్లు ఉన్నాయి, స్పిన్నరెట్లు మాత్రం లేవని 2008లో తేల్చారు. స్పిన్నరెట్లు లేకుండా వల నెయ్యడం కుదరదు. అంటే పట్టు మొదట వల కోసం పుట్టింది కాదు. వలలన్నీ తర్వాతి సంగతి. నా పెట్టెలోని చాప ఆ పాత వాడకానికి దగ్గరగా ఉందనుకుంటున్నాను.

పాదాల పట్టు గొడవ

టరాంటులా పట్టు గురించి చదివేవాళ్లకి ఈ వాదన తప్పక ఎదురవుతుంది. 2006లో శాస్త్రవేత్త స్టానిస్లావ్ గోర్బ్ బృందం 'నేచర్' అనే సైన్స్ పత్రికలో ఒక విషయం ప్రకటించింది: కోస్టారికా జీబ్రా టరాంటులా నిలువు గాజు మీద జారుతున్నప్పుడు పాదాల నుంచి కూడా పట్టులాంటిది వస్తోందని. 2009లో పెరెజ్-మైల్స్ బృందం స్పిన్నరెట్లు మూసేసి చూస్తే గాజు మీద పట్టు కనపడలేదని అదే పత్రికలో ఎదురు చెప్పింది. 2011లో న్యూకాజిల్ విశ్వవిద్యాలయానికి చెందిన క్లెయిర్ రిండ్ బృందం టరాంటులాలను గాజు తొట్టెలో నిలువు గోడ మీద ఉంచి, కాస్త కదిపి, జారిన చోట పోగులు దొరికాయంది. కుబుసం పాదాల్లో మొనలు కూడా చూపించింది. మరుసటి ఏడాది రైనర్ ఫోలిక్స్, మరో ఇద్దరు కలిసి ఆ మొనలను నిశితంగా చూసి, అవి పట్టు మొనలు కావు, రుచిని పసిగట్టే ఇంద్రియాలు కావొచ్చన్నారు.

శుభ్రంగా తుడిచిన గాజు గోడ మీద నా సాలీడు ఎక్కిన దారిని పక్క వెలుతురులో వెతికాను. పోగులు దొరికాయి. కానీ అవి దొరికిన చోటల్లా వీడియోలో పొట్ట చివర గాజుకు దగ్గరగానే ఉంది. కాలి కింద మాత్రమే దొరికింది ఒక్కటీ లేదు. ఈ పట్టు ఎంత తేలికగా ఎక్కడపడితే అక్కడ అంటుకుంటుందో రోజూ చూస్తున్నాను కాబట్టి నాకు ఫోలిక్స్ వాదనే సబబుగా అనిపిస్తోంది. స్పిన్నరెట్లు మూసే ప్రయోగం మాత్రం నేను చెయ్యను. ఇంట్లో ఆసక్తి కొద్దీ చేసే పనికి బతికున్న జంతువును అంత ఇబ్బంది పెట్టడం న్యాయం కాదు.

పాదాల పట్టు మాటెలా ఉన్నా, గోడ మీద పట్టుకోవడానికి దానికి వేరే ఏర్పాటు ఉంది. గోళ్ల దగ్గర వెంట్రుకల కుచ్చులు, ఒక్కో వెంట్రుక చివర మళ్లీ లెక్కలేనన్ని చీలికలు. అవి నునుపైన గాజును దగ్గరగా తాకి నిలుపుతాయి.

ఇది మగది

కుబుసం పొట్ట భాగంలో, ముందరి రెండు ఊపిరి పొరల మధ్య ఆడవాటికి వీర్యం దాచుకునే సంచి తొడుగు కనిపించాలి. లేదు. మగది. ఆ తర్వాతి కుబుసంతో నోటి పక్కన చిన్న కాళ్లలా ఉండే పెడిపాల్ప్‌ల చివర్లు ఉబ్బి వచ్చాయి, అంటే పూర్తిగా ఎదిగింది. ఇక కుబుసాలు లేవు. ఆడవి ఏళ్ల తరబడి బతుకుతాయి, మగవాటికి ఎదిగాక మిగిలే కాలం చాలా తక్కువ. అది తెలిసే, ఈ కొద్ది కాలంలో చూడాల్సినవన్నీ జాగ్రత్తగా చూడాలనుకున్నాను.

మగవాటికి పట్టు వచ్చే చోటు ఇంకోటి ఉంది. పొట్ట కింద, జననరంధ్రం ముందు అంచున చిన్న స్పిగాట్ల గుంపు. ఆడవాటికి ఇవి ఉండవు. వీటి పని ఒక్కటే, వీర్యం కోసం కట్టే పొరలో.

టైమ్‌ల్యాప్స్ మొత్తం రాత్రివేళకు మార్చి, కెమెరా సొరంగం బయట ఖాళీ వైపు తిప్పాను. అది దొరికింది. బెరడుకు, నేలకు మధ్య ఏటవాలుగా ఒక పొర కట్టింది. ఆ పొర కిందికి వెల్లకిలా దూరి, పొట్టను పైకి ఆనించి, ఒకే చోట ముందుకూ వెనక్కూ చాలాసేపు రుద్దింది. ఆ ప్రత్యేక స్పిగాట్లు పనిచేసేది అప్పుడే. అక్కడే కింది వైపున వీర్యం చుక్క వదులుతుంది. తర్వాత బయటికి వచ్చి పొర మీదికెక్కి, అంచు మీదుగా పెడిపాల్ప్‌లను కిందికి చాచి, ఒకదాని తర్వాత ఒకటి ఆ చుక్కకు తాకిస్తూ పోయింది. వీర్యం ఇలా పాల్ప్ చివరి ఉబ్బెత్తు భాగంలోకి ఎక్కుతుంది. జత కట్టేటప్పుడు వాడేది దాన్నే. అంటే ఈ జాతి కొనసాగాలంటే మధ్యలో పట్టు పొర ఒకటి ఉండితీరాలి. ఆడది తన చాప మీద వదిలే రసాయనాలను మగది కాలితో పసిగట్టి, ఆ చాపను తట్టి కబురు పంపుతుంది. అది కూడా పట్టు మీదే.

పని అయ్యాక పొరను కాళ్లతో లాగేసి ముద్ద చేసింది. ఆ ముద్దలో ఒక ముక్కను సందులోంచి పట్టకారుతో తీసి గాజు పలక మీద పరిచాను. రుద్దిన చోట పొర మిగతా చోటి కన్నా దట్టంగా, పోగులు ఇంకా దగ్గరగా కనిపిస్తున్నాయి. ఇప్పుడు పోలరైజింగ్ ఫిల్ముల మధ్య మామూలు చాప ముక్క, కుబుసం చాప ముక్క, ఈ ముక్క మూడూ పక్కపక్కన పెట్టి ఒకే వెలుతురులో ఫొటోలు తీస్తున్నాను. కుబుసం చాప పలక తీసేటప్పుడు గ్లవ్స్ మరవకూడదని స్లయిడ్ పెట్టె మీద రాసి అంటించాను.